కొబ్బరికాయ చూపిన బోరు

"పర్మిషన్ లేదు. పైగా పక్క బోరుకు ఇంత దగ్గరగ ఏసిన్రు. ఈడ నీళ్లున్నయని చూపించిందెవరు?" అని భూగర్భజలాల ఆఫీసరు అడిగిండు.

అశోక్‌నగర్‌ల హాస్టల్ నడిపే ఫణీంద్ర నా భుజం మీద చెయ్యేసిండు. "మా అన్ననే సార్. అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని నడిచిండు. ఈడికి రాంగనే అది లేచి నిలబడ్డది!"

నిలబెట్టింది నా బొటనవేలు. హాస్టల్ పోరగాళ్లను నవ్వియ్యనీకి చేసిన మజాక్ అది. ఈ అమాయకుడు నమ్మి, తెల్లారే బోరు బండి పిలిపించిండు. నీళ్లు మేడ ఎత్తు ఎగజిమ్మినయి.

"చూపించినాయన పేరు గూడ కేసుల రాస్తం," అని ఆఫీసరు ఫైలు తెరిచిండు. "తన బోరు ఎండిందని ఫిర్యాదిచ్చిన పక్కింటాయనను జర పిలువున్రి."

ఆ పక్కిల్లు నాదే.

ఫణీంద్ర మెల్లగ నా దిక్కు తిరిగిండు. భుజం మీది చెయ్యి మాత్రం తియ్యలే.