గాలాల పెట్టె

ఆస్ట్రిడ్ మూడో గాలాల పెట్టెను కూడా కొట్టులోని ఎర చేపల తొట్టిలో పడేసింది. అదీ మునిగింది.

"బుద్ధుందా నీకు? చేపలన్నీ చస్తాయి!" కొట్టు యజమాని డెల్బర్ట్ అరిచాడు. "అది గాలాలు విరక్కుండా దాచుకునే పెట్టె. పడవ కాదు!"

"నిరుడు నువ్వమ్మిన పెట్టెలో ఒక్క గాలమూ విరగలేదులే."

"మరింకేం కావాలి?"

"గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పడుతుంటే మంచు పగిలినప్పుడు మా ఆయన దాన్నే పట్టుకున్నాడు. ఆయనతోపాటే మునిగింది. ఇప్పుడు మా అమ్మాయి అక్కడికే వెళ్తానంటోంది."

డెల్బర్ట్ పై అరలోంచి, లోపల మందంగా థర్మోకోల్ పరిచిన పెట్టె దించి, తనే తొట్టిలో వేశాడు. రెండు చేతులతో బలమంతా పెట్టి అదిమాడు. వదలగానే పైకి తేలింది.

"మీ అమ్మాయి బరువెంత?" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.