కుదుపులమ్మ

"పరీక్ష పెట్టేది మన కుదుపులమ్మే కదా, ఇంకేం భయం?" అంటూ మాస్టారు స్టీరింగు ముందు కూర్చుని సీటు సర్దుకున్నారు.

పక్కసీట్లో ఉన్న మరదలు బెల్టు పెట్టుకుంది.

మాస్టారంటే ఊళ్లో సగంమందికి కారు నేర్పిన మనిషి. మోకాలికి ఆపరేషనై మంచాన పడి ఉండగా ఆయన లైసెన్సు గడువు కాస్తా దాటిపోయింది. మళ్లీ పరీక్షకు కూర్చోవాల్సిందే అన్నారు ఆఫీసువాళ్లు. పాసైతే ఆయన డ్రైవింగ్ స్కూలు నడుస్తుంది, లేకపోతే తాళం పడుతుంది. ఆ సంగతి తెలిసి పాత శిష్యులంతా పనులు మానుకుని మరీ వచ్చి మైదానం కంచె పట్టుకుని నిలబడ్డారు. కారు కూడా ఆయన స్కూలుదే, నెత్తిమీద ఎర్రక్షరాల బోర్డుతో సహా.

మాస్టారి భార్య కిటికీలోకి వంగింది.

"ఒసేయ్, మీ బావకి ఇంకా మోకాలు పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. కాస్త చూసీ చూడనట్టు పోవే."

"నువ్వేం బెంగపెట్టుకోకక్కా. బావగారు నాకెలా నేర్పారో, అచ్చం అలాగే చూసుకుంటా."

అక్క నిశ్చింతగా వెళ్లి కంచె పక్కన చేరింది.

చాలామందికి కార్ల పిచ్చి బొమ్మకారు దగ్గరే పట్టుకుంటుంది. కొందరికి పెట్రోలు వాసనతో, కొందరికి చుట్టాలెవరి కార్లోనో ముందుసీటు దొరికిన రోజున. ఈమెకి పట్టించింది మాత్రం బావగారే.

అక్క పెళ్లైన కొత్తలో "నాకూ నేర్పండి బావగారూ" అని ఆయన వెంటపడింది. సరేనని ఓ సాయంత్రం ఇదే మైదానంలో తన స్కూలు కారెక్కించారు. వేడుక చూద్దామని ఇంటిల్లిపాదీ కంచె దగ్గర చేరారు. ఆమె చెప్పింది చెప్పినట్టే చేసింది. గేరు వేసింది, క్లచ్చి మెల్లగా వదిలింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసింది. మళ్లీ కుదుపు. ఎన్నిసార్లు మొదలెట్టినా అదే వరస. చివరికి మాస్టారు ఆమెని దింపేసి, తాను స్టీరింగు పట్టుకుని మైదానమంతా సాఫీగా ఓ చుట్టు చుట్టి వచ్చారు.

"మరదలా, నీ కాళ్లు తొక్కుడుబిళ్లకి తప్ప దేనికీ పనికిరావు" అన్నారు దిగుతూ.

ఆ పూట పుట్టిన పేరే కుదుపులమ్మ. అప్పట్నుంచీ నలుగురు చేరితే చాలు, మాస్టారు ఆ కథ ఎత్తుకునేవారు. కుర్చీలోనే కుదుపుతూ ఆగుతూ నటించి చూపించేవారు. ఆమె పెళ్లిలో మగపెళ్లివారికీ వినిపించారు. వాళ్లు పడీపడీ నవ్వారు. పెళ్లయ్యాక మొగుడు కారు కొన్నాడు గానీ, దాని తాళం ఎప్పుడూ ఆమె చేతికివ్వలేదు.

ఆమెకి ఒళ్లు మండేది. ఆ కారు సంగతేంటో తేల్చుకోవాలనుకుంది. వీధి చివర మెకానిక్ షెడ్డులో కూర్చుని ఇంజన్ల చప్పుడు వినేది. బానెట్ కింద ఏది ఏ పని చేస్తుందో అడిగి అడిగి అక్కడివాళ్ల ప్రాణం తోడేసేది. చప్పుడు విని ఏ కారు వస్తోందో చెప్పగలిగే రోజు కూడా వచ్చింది. కసి ఎక్కడ ఆగిందో, ఇష్టం ఎక్కడ మొదలైందో ఆమెకే తెలీదు.

తర్వాత ఇంట్లో చెప్పకుండా పక్క ఊళ్లో మరో డ్రైవింగ్ స్కూల్లో చేరింది. మొదటిరోజే కారు చిన్న కుదుపైనా లేకుండా కదిలింది. "ఇంతకుముందు నడిపేవారా?" అని నేర్పేవాడు అడిగితే ఆమెకి ఏడుపొచ్చేసింది.

కొన్నాళ్లకి ఆ స్కూల్లోనే నేర్పే పనికి కుదిరింది. నేర్పేవాళ్ల సీట్లో కూర్చున్న మొదటిరోజు, పాఠం అయిపోయి శిష్యురాలు వెళ్లిపోయినా ఆమె చాలాసేపు కారు దిగలేదు. ఎందుకని అడిగినవాళ్లకి తలనొప్పి అని చెప్పింది. ఆ తర్వాతే పట్టుబట్టి చదివి, లైసెన్సులిచ్చే అధికారి అయింది. చుట్టాలకి మాత్రం ఇప్పటికీ కుదుపులమ్మే.

"కానివ్వండి బావగారూ" అంది.

మాస్టారు కంచె వైపు దర్జాగా చెయ్యి ఊపి, గేరు వేసి క్లచ్చి వదిలారు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"పాడు మోకాలు" అని నవ్వేశారు.

రెండోసారీ అంతే. కంచె దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

మూడోసారికి ఆయన నుదుటన చెమట పట్టింది. చూపు చప్పున కిందికి వెళ్లింది. అక్కణ్నుంచి మరదలి ముఖం మీదికి వచ్చింది. ఏదో అనబోయారు.

ఆమె తన వైపు కిటికీ అద్దం పూర్తిగా దించింది.

"ఏమైనా చెప్పాలా బావగారూ? కాస్త గట్టిగా చెప్పండి, అక్క కూడా వింటుంది."

మాస్టారు కంచె వైపు చూశారు.

"ఏం లేదమ్మా."

"అయితే మళ్లీ స్టార్ట్ చెయ్యండి."

చేశారు. కారు మళ్లీ కుదిపింది. "కుదుపులయ్య" అన్నారెవరో, కంచె పొడుగునా నవ్వులు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. ఆ నవ్వు చెవిన పడుతుంటే మరదలికి ప్రాణం లేచొచ్చినట్టుంది. ఇన్నేళ్లూ ఎదురుచూసింది దాని కోసమే.

"ఫెయిల్" అంది.

మాస్టారు దిగి, తల దించుకుని నడిచారు.

ఆయన కంచె దాటేదాకా చూసి, డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర ఉండే రెండో బ్రేకు మీంచి ఆమె మెల్లగా పాదం తీసింది, ఆ సాయంత్రం ఈ సీట్లోనే కూర్చుని ఆయన తీసినట్టే.