మందు రాయని గాయం

ఒక అడవిలో వైద్యం చేసే ముంగిస ఉండేది. అది గడ్డిచామంతి ఆకు నూరి, గాయాలకు పూతమందు తయారుచేసింది. పుండ్లతో మూలిగేవాళ్లు అడవి నిండా ఉన్నా, మందు గుణం తేల్చాలంటూ ఒంటి మీద గీత కూడా లేని కుందేలును పిలిచింది. దాని వీపు మీద అటొకటి, ఇటొకటి గాట్లు పెట్టింది. కుడి గాయానికి మందు రాసి, ఎడమదాన్ని వదిలేసింది. అందరి మేలు కోసమే కదా అని కుందేలు పళ్లబిగువున ఓర్చుకుంది.

కుడి గాయం చక్కగా మానింది. ఎడమది చీము పట్టింది. జంతువులన్నీ చేరి ముంగిసను ఆకాశానికెత్తేస్తుంటే, కుందేలు మెల్లగా దగ్గరికి వెళ్లింది.

"వైద్యులవారూ, మందు పనిచేసిందిగా! ఈ పక్క కూడా కాస్త రాయండి. ఈగలు ముసురుతున్నాయి, కంటి మీద కునుకు లేదు."

"భలేదానివే! రెండూ మానిపోతే నా మందు గొప్ప ఎలా తెలుస్తుంది? పక్క అడవి వాళ్లు చూసి వెళ్లేదాకా అదలాగే ఉండాలి," అంది ముంగిస, నిండు గిన్నె మీద మూత పెడుతూ.

కుందేలుకు ఒళ్లు మండిపోయింది. అందరికీ కనబడేలా వీపు తిప్పి నిలబడింది.

"చూడండి, బాగా దగ్గరికొచ్చి చూడండి! వైద్యులవారి మందు ఎంత గొప్పదో కుడి గాయం చెబుతుంది. వైద్యులవారి మనసు ఎంత గొప్పదో ఎడమ గాయం చెబుతుంది!"