కారం మంట

"ఛీ! అక్కడ ఫోటో తీస్తారా?"

కోటేశ్వరి చీర సర్దుకుంటూ గుంటూరు చర్మవైద్యురాలి గదిలోంచి విసురుగా బయటికొచ్చేసింది.

రెండేళ్లుగా ఆ చోట దురద, ఎర్రటి మచ్చ. మిరపకాయలు కోసే చేతులాయె, కారం తగిలిన మంటేలే అని కొబ్బరినూనె రాసుకుంటూ వచ్చింది. కోతల ముఠాలో ఏ ఆడమనిషిని అడిగినా అదే చెబుతుంది మరి.

వరండా బెంచీ మీద ముసుగేసుకున్న ఒకామె ఆమె చెయ్యి పట్టుకుంది.

"వెళ్లొద్దమ్మా. అది చర్మాన్ని పెద్దది చేసి చూపించే కెమెరా. మొహం పడదు. తీయించుకో."

"నువ్వెవరు చెప్పడానికి? నర్సువా?"

"కాదమ్మా. నేనూ మిరపకోతలకెళ్లినదాన్నే."

"అంత సరదాగా ఉంటే నువ్వే తీయించుకో పో! సిగ్గులేని మనిషి!"

కోటేశ్వరి చెయ్యి విదిలించుకుని పర్చూరు బస్సెక్కింది.

కోతలు ముగిసేసరికి మచ్చ పచ్చిపుండై రక్తం చెమర్చింది. కూర్చుంటే మంట, నడిస్తే నరకం. మొగుడు బుల్లయ్యకు చెబుదామంటే సిగ్గు అడ్డొచ్చింది. చేను గట్టు మీద ఒక్కతే కుళ్లి కుళ్లి ఏడ్చింది. చావు భయం ముందు సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది? మళ్లీ గుంటూరు వచ్చింది.

ఈసారి కళ్లు గట్టిగా మూసుకుని ఫోటో తీయించుకుంది. తెర మీద బొమ్మ చూడగానే డాక్టరమ్మ మొహం మారింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

ఫలితం వచ్చాక పిలిచి చెప్పింది.

"క్యాన్సరేనమ్మా. చాలా అరుదుగా వస్తుంది. ఇంకా లోపలికి పాకలేదు, ఆపరేషన్ చేస్తే బతుకుతావు."

కోటేశ్వరి ఆమె కాళ్లు పట్టుకుని భోరుమంది.

"ఫోటో చూడగానే ఎట్టా పోల్చారండీ?"

డాక్టరమ్మ తెర ఇటు తిప్పింది. ఇంకో ఫోటో. అదే ఎరుపు, అందులో అవే మీగడ రంగు చారలు. కాకపోతే మచ్చ చాలా దూరం పాకింది.

"దీన్ని చూసే పోల్చాను. ఈమె కూడా కారం మంటే అనుకుని ఆలస్యంగా వచ్చింది. నా ఫోటో దాచొద్దు, నా సంగతి అందరికీ చెప్పండి అంది."

"ఆ తల్లికి దణ్ణం పెట్టుకోవాలండీ. యాడుంటది?"

"పోయిన నెలే పోయిందమ్మా. ఓపికున్నంత కాలం, సిగ్గుపడి వెళ్లిపోయే ఆడవాళ్లను ఆపుదామని, ఆ వరండా బెంచీ మీదే కూర్చునేది."