నాలుగో మనిషి కోసం

"రైలుకి నూట ఇరవై ఎక్కడ, మీ ఆరొందలు ఎక్కడ! నేను రైల్లోనే పోతాను," అంటూ కేతకి టాక్సీ తలుపు మీంచి చెయ్యి తీసేసింది.

పుణె స్టేషన్ బయట ముంబై టాక్సీలు ఆగే చోటది. ఏడుంబావు రైలుకి ఇంకా పది నిమిషాలుంది. డ్రైవర్ జ్ఞానోబా ఏదో అనబోయేంతలో, వెనక సీట్లో కూర్చున్న పెద్దాయన చేతిలోని పేపరు మడిచి తల బయటపెట్టాడు.

"టికెట్టొక్కటే లెక్కేస్తే ఎలాగమ్మాయ్? జనరల్ పెట్టెలో మూడున్నర గంటలు ఒంటికాలి మీద నిలబడాలి. దాదర్‌లో దిగేసరికి ఆ ఇస్త్రీ చీర నలిగి ముద్దయిపోతుంది. దారిలో రెండు వడాపావ్‌లు, రెండు టీలు. రాత్రికి నడుం నొప్పికి మందు. దిగాక ఆటోకి ఎనభై. ఇవన్నీ కలుపు, అప్పుడు చెప్పు ఏది చవకో!"

ముందు సీట్లో కునికిపాట్లు పడుతున్న బట్టతలాయన ఒక కన్ను తెరిచాడు. "దాదర్‌లో ఆటోలెక్కడివి కాకా? అక్కడ తిరిగేవి టాక్సీలేగా?"

"టాక్సీయే అనుకో. ఖర్చు ఇంకా పెరిగిందా లేదా?" అన్నాడు పెద్దాయన తడుముకోకుండా.

కేతకికి నవ్వొచ్చింది. మిగతా లెక్కల సంగతేమో గానీ, చీర మాట మాత్రం బాగా తగిలింది. "పదకొండున్నరకి నాకు ఇంటర్వ్యూ ఉంది. అందుతానా?"

"పదిన్నరకల్లా దింపేస్తాను తాయీ," అన్నాడు జ్ఞానోబా. "మీతో ముగ్గురయ్యారు. ఇంకొక్కరొస్తే బండి నిండిపోయినట్టే. రెండంటే రెండు నిమిషాలు!"

ఆమె ఎక్కి కూర్చుంది. కాసేపటికి స్టేషన్ లోపల రైలు కూత పెట్టి వెళ్లిపోయింది.

రెండు నిమిషాలు అరగంటయ్యాయి, అరగంట ముప్పావుగంటయింది. "దాదర్, దాదర్! ఒక్క సీటే!" అని అరిచి అరిచి జ్ఞానోబా గొంతు బొంగురుపోయింది. వచ్చినవాళ్లంతా ధర అడిగి, మొహం అటు తిప్పుకుని స్టేషన్లోకి నడిచారు.

"ఏం ఉద్యోగం తల్లీ?" అని అడిగాడు పెద్దాయన.

"చెవిటి పిల్లల బడిలో టీచరుగా కాకా. పద్నాలుగు చోట్ల దరఖాస్తు పెడితే పిలిచింది ఈ ఒక్కచోటే. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరట." కేతకి గడియారం చూసుకుంది. ఎనిమిది. "పోనీ, తర్వాతి రైలెప్పుడు?"

"ఎనిమిదిన్నరకి. కానీ అది పట్టుకుంటే దాదర్‌లో దిగేసరికే పన్నెండవుతుంది," అన్నాడు బట్టతలాయన. ఆయన నిద్రలో కూడా అన్నీ వింటున్నాడు.

ఆమె దిగి జ్ఞానోబా ముందు నిలబడింది. "అన్నా, పోనివ్వండి. దణ్ణం పెడతాను."

"ఖాళీ సీటుతో పోతే గ్యాసు, టోలు నా జేబులోంచే పోతాయి తాయీ. నాకు మాత్రం పిల్లల్లేరా?"

కేతకి పర్సు తెరిచి మొత్తం చేతిలోకి వొంపింది. ఏడొందల యాభై. "ఛార్జీ పోను నూట యాభై మిగులుతుంది. అది కూడా తీసుకోండి."

జ్ఞానోబా తల అడ్డంగా ఊపాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చీర చెంగుతో తుడుచుకుంటూ, లోపలున్న పెద్దాయన వైపు ఒక్కసారి చూసింది.

ఆ చూపు ఆయనకి సూటిగా గుచ్చుకుంది. తన మాట నమ్మే కదా ఈ పిల్ల రైలు వదులుకుంది! రోజూ ఎంతమందికి ఏం చెప్పాడో గుర్తులేదు గానీ, ఇంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

"జ్ఞానోబా, బండి తియ్యి. ఖాళీ సీటు డబ్బులు నేనిస్తాను."

డ్రైవర్ నోరు తెరుచుకుపోయింది. "కాకా! మతిగానీ పోయిందా?"

"తియ్యమన్నానా!"

"ఖాళీ సీటు సరే. మరి మీ సీటో?"

"దానికీ ఇస్తాను, చావకు!" అంటూ ఆయన చొక్కా లోపలి జేబులోంచి మడతలు పడ్డ నోట్లు తీశాడు. వేలు తడుపుకుంటూ పన్నెండు వందలు లెక్కపెట్టాడు. జ్ఞానోబా ఆ నోట్ల వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసి, బుర్ర గోక్కుని, తాళం తిప్పాడు.

దారంతా కేతకి పెదాలు కదుపుతూ ఇంటర్వ్యూలో చెప్పి చూపించాల్సిన పాఠం మననం చేసుకుంది. ఖండాలా ఘాట్ దిగుతున్నంతసేపూ పెద్దాయన కిటికీకి అతుక్కుపోయి కూర్చున్నాడు.

బండి దాదర్‌లో ఆగేసరికి పదకొండూ ఐదు. బడి పక్క వీధిలోనే. కేతకి దిగి, ఆయన వైపు తలుపు తీసి, వంగి కాళ్లకి దణ్ణం పెట్టింది.

"ఉద్యోగమొస్తే నోరు తీపి చేసే మొదటి పేఢా మీకే కాకా. ముంబైలో మీ ఇల్లెక్కడ?"

"వస్తుందిలే, నీకు కాక ఎవరికొస్తుంది! పేఢాలు మాత్రం పుణె స్టేషన్ దగ్గరికే పట్టుకురా. పొద్దున్న ఎప్పుడొచ్చినా ఇదే సీట్లో ఉంటాను."

"అమ్మో, రోజూ ముంబై వస్తారా మీరు?"

ఆయన తలెత్తి ఎదురుగా ఉన్న మేడల్ని కింది నుంచి పైదాకా చూశాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"లేదమ్మా, బండి నిండినట్టు కనపడాలని జ్ఞానోబా నన్నిందులో కూర్చోబెడతాడు, జనం ఎక్కగానే దిగిపోతాను. ఈ సీట్లో కూర్చోబట్టి ఏడేళ్లయింది గానీ, ఇది కదలడం ఇవాళే చూశాను!"