పలకని పలక

“మళ్ళీ అక్కడే ఆగిపోయింది,” అన్నాడు డెస్మండ్.

పుస్తకాలు చదువుకునే ఆ పలక తెరమీద కంపెనీ గుర్తు వచ్చింది, చెరిగిపోయింది, మళ్ళీ వచ్చింది. నిన్నటినుంచీ అదే వరస.

“పోనీ వదిలేయండి. మావారి కోసం మీరు మాత్రం ఎంతకని తంటాలు పడతారు,” అంది లినెట్, టీ కప్పు అతని పక్కన పెడుతూ.

“బతుకంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో గడిపానమ్మా. దీనికంటే మొండివాటిని లొంగదీశాను.”

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఆల్విన్ ఉన్నాడు. పక్షవాతంతో మాట పడిపోయింది. కుడిపక్క చచ్చుబడింది. ఎడమచేయి కలం పట్టలేనంతగా వణుకుతుంది. చూపుడువేలొక్కటే చెప్పినమాట వింటుంది. అతని కళ్ళు పలకను వదలడం లేదు.

వాళ్ళు చలికాలం మొదట్లో బ్రూనీ దీవికి వచ్చి, మట్టిరోడ్డు చివర విడిగా ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. కట్టెలు వేయడానికి వచ్చే డెస్మండ్ తప్ప ఆ గడప తొక్కినవాళ్ళు లేరు. నొక్కిన అక్షరాలను పైకి చదివి వినిపించే యాప్ ఉందని చెప్పింది అతనే. తన ట్యాబ్ తెచ్చిస్తానంటే, వెలుతురు తెర చూస్తే ఆల్విన్‌కి మూర్ఛ వస్తుందంది లినెట్. ఆ తర్వాత సామాన్ల పెట్టెలో ఈ పలక అతని కంటపడింది. కాగితంలాంటి తెర, కళ్ళలోకి వెలుతురు కొట్టదు. కాకపోతే అందులో ఆ కంపెనీ పుస్తకాలు తప్ప ఇంకేదీ ఎక్కదు. దాని ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి, బయటివాళ్ళు తయారుచేసిన ఇంకొకటి ఎక్కించాల్సిందే. ఇక లినెట్ కాదనలేకపోయింది.

నిన్న ఛార్జింగ్ పెట్టి తెరవగానే అది పిన్ అడిగింది. డెస్మండ్ పలకను ఆల్విన్ వేలి దగ్గరికి తీసుకెళ్ళబోతే లినెట్ మధ్యలోనే అందుకుంది.

“ఆయనకి అంకెలు గుర్తుండవు. మొత్తం తుడిచేయండి.”

“పుస్తకాలన్నీ పోతాయి మరి.”

“పోతే పోనీండి.”

తుడిచాడు. కొత్తది సగం ఎక్కేసరికి ఆమె కాలు తగిలి కేబుల్ ఊడిపోయింది. ఇదీ దాని ఫలితం.

డెస్మండ్ రెండు బటన్లూ కలిపి నొక్కి పట్టుకున్నాడు. పలక మెలకువలోకి వచ్చినా ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టలేదు. అప్పుడు చూసుకున్నాడు, తను తెచ్చుకున్న కేబుల్ సంచిలో లేదు. లినెట్ తెచ్చి ఇచ్చింది ఛార్జింగ్‌కి తప్ప ఎందుకూ పనికిరాదు. వ్యాన్‌లోంచి ఇంకొకటి తెచ్చుకున్నాడు. ఈసారి గుర్తుపట్టింది. కానీ ఎక్కిస్తున్న ఫైలు అంతకుముందు ఏడాది మోడల్‌దని అప్పుడు బయటపడింది. తనను తానే తిట్టుకుని సరైనది వెతికి దించాడు. అది నెమ్మదిగా ఎక్కుతోంది.

“మీకొక మాట చెప్పాలి,” అన్నాడు తెరమీంచి చూపు తిప్పకుండా. “పొద్దున రేవు దగ్గర నేను స్కాలప్ పై, అదే ఆల్చిప్పల మాంసం కూరిన రొట్టె, తింటుంటే ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆల్విన్ ఫోటో చూపించాడు.”

లినెట్ చేతిలో గిన్నె ఆగిపోయింది. “ఎలా ఉన్నాడు?”

“పొడుగ్గా, గడ్డంతో. పేరు గార్త్ అన్నాడు.”

గార్త్ ఆల్విన్ తమ్ముడు. అతనికి భయపడే ఈ మూలకి వచ్చామని లినెట్ ఎప్పుడో చెప్పింది. చేయి చేసుకునే మనిషనీ, అన్నను ఎత్తుకుపోవడానికి ఎంతకైనా తెగిస్తాడనీ. అందుకే ఆ ఇంట్లో పట్టపగలు కూడా కిటికీ తెరలు వేసి ఉంటాయి.

“మీరేమన్నారు?” ఆమె గిన్నె కింద పెట్టింది.

“‘పెద్దాయనా, మా అన్నయ్య, ఎక్కడైనా చూశావా’ అన్నాడు. ఏడవడం ఒక్కటే తక్కువ. ఏం నటన. అలాంటి జంట పోయిన నెలే మెల్‌బోర్న్ వెళ్ళిపోయిందని చెప్పేశాను.”

“నమ్మాడా?”

“నమ్మకేం. నా కళ్ళముందే ఫెర్రీ ఎక్కాడు. ఇక ఈ దీవి మొహం చూడడు.”

కుర్చీలోంచి మూలుగు వినబడింది. ఆల్విన్ కళ్ళవెంట ధారగా నీళ్ళు కారుతున్నాయి. వేలు కుర్చీచేతిని టకటకా కొడుతోంది.

“చూశారుగా, వాడి పేరు వింటేనే ఇలా అయిపోతాడు.” లినెట్ దుప్పటి పైకి లాగి, ఆ చేతిని దాని కిందికి తోసింది. “ఇవాళ్టికి చాలు డెస్మండ్. ఆయన అలసిపోయాడు.”

అంతలో పలకమీద కంపెనీ గుర్తు చెరిగిపోయింది. ఈసారి మళ్ళీ రాలేదు. దాని స్థానంలో కొత్త తెర నెమ్మదిగా తేలింది.

డెస్మండ్‌కి నిన్నటి అలసటంతా ఎగిరిపోయింది. “ఒక్క నిమిషం ఆగండి. ఇంతా చేసి ఇప్పుడు ఆపితే ఎలా?”

యాప్ ఎక్కించాడు, అది చదివే గొంతు సరిచూశాడు. లినెట్ వెళ్ళి వీధితలుపు తీసింది. ఖాళీగా ఉన్న మట్టిరోడ్డును చివరిదాకా చూసింది. మళ్ళీ తలుపు మూసి గడియ పెట్టింది.

డెస్మండ్ ఆల్విన్ చేతిని దుప్పటిలోంచి బయటికి తీసి, ఒళ్ళో పలక పెట్టాడు.

“రండి లినెట్. మొదటి మాట మీరే వినాలి.”

ఆమె వచ్చి డెస్మండ్ వెనకే నిలబడింది. అంత దగ్గరగా ఎందుకు నిలబడిందా అని అతనికి ఒక్క క్షణం అనిపించింది. ఆల్విన్ వేలు ఒక అక్షరం మీద వాలింది. ఆగింది. ఇంకో అక్షరం వెతుక్కుంది. కాగితంలాంటి తెరమీద అక్షరాలు ఒక్కొక్కటే నల్లగా తేలుతున్నాయి. డెస్మండ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు.

“మీ గురించేనమ్మా, పందెం.”

ఆల్విన్ చివరి మీట నొక్కాడు. పలక పలికింది:

“ఈవిడ నా భార్య కాదు.”