సీమ లాంతరు

"దీనికన్నా వెలుగైంది లేదా శెట్టిగారా?" అన్నాడు సిద్ధయ్య, రెండో దీపాన్ని కూడా పక్కకు నెట్టేస్తూ.

ఆత్మకూరులో నారాయణయ్య శెట్టి అంగడి వెనక గదిలో తలుపులు మూసి, పట్టపగలే దీపాల పరీక్ష జరుగుతోంది. ఇత్తడి ఆముదపు దీపం కింద నీడ ఎక్కువని సిద్ధయ్య తోసేశాడు. కిరసనూనె బుడ్డి మసి కొయ్య మీద పడుతుందన్నాడు. ఉదయగిరి నుంచి వచ్చిన దువ్వెనల పనివాడు మరి, ఒక పట్టాన మెచ్చుతాడా! సిద్ధయ్య దువ్వెన తలలో పెడితే ఒక్క వెంట్రుక కూడా చిక్కుకోదని కలిగిరి నుంచి కలువాయి దాకా ఆడవాళ్ళు చెప్పుకుంటారు. ఆ మాట చెప్పుకునేవాళ్ళలో అందరికన్నా ముందుండేవాడు సిద్ధయ్యే.

ధాత నామ సంవత్సరపు కరువు తీరి, ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారి వచ్చి పడ్డ ఏడది. శెట్టి తన ఇంట పెళ్ళికీ, చుట్టాల ఇళ్ళలో పెళ్ళిళ్ళకూ కలిపి దువ్వెనల పనంతా సిద్ధయ్యకే ఇస్తానన్నాడు. మాఘమాసం లోపల ఇవ్వాలి. పగలు మాత్రమే పనిచేస్తే తెమలదు. పొద్దుగూకాక కూడా చేతి దగ్గరికి జరుపుకుని పనిచేసుకునే మంచి దీపం ఇంట్లో ఉండాలి. గోతాంలో తెచ్చిన దువ్వెనలు శెట్టికిచ్చి, బదులుగా దీపం పట్టుకుపోదామని వచ్చాడు.

వెంట వచ్చిన భార్య సుబ్బరత్నమ్మ మాత్రం బయల్దేరినప్పటి నుంచి వద్దంటూనే ఉంది. కిరసనూనె కంపు కొయ్యకు పడుతుందట, గాజు పగులుతుందట, ఉన్న ప్రమిద బాగానే వెలుగుతోందట. దారి పొడుగునా ఇదే పాట. దువ్వెనలకు నూనె పట్టించే మనిషికి దీపాల సంగతేం తెలుసని సిద్ధయ్య నవ్వేశాడు.

శెట్టి మూడోది తెచ్చాడు. చెన్నపట్నం నుంచి బండి మీద వచ్చిన సీమ లాంతరు. చుట్టూ గాజు, పైన పట్టుకుపోవడానికి ఇనుప వంకీ. తళతళలాడే రేకు ఒకటి విడిగా ఉంది. దాన్ని ఏ పక్క కావాలంటే ఆ పక్కకు బిగించుకుంటే వెలుగంతా చేతుల మీదికి మళ్ళుతుంది. వత్తి పెంచగానే మూలనున్న చింతపండు బుట్టల అల్లిక కూడా స్పష్టంగా కనబడింది.

"ఇదీ నా పనికి తగిన దీపం" అంటూ సిద్ధయ్య గోతాంలోంచి ఒక బిక్కికొయ్య దువ్వెన తీశాడు. చేసిన దువ్వెనను మళ్ళీ చూసుకునే అలవాటు అతనికి లేదు. అట్లా చూసుకునేవాళ్ళు చేతగానివాళ్ళని అతని అభిప్రాయం. ఇప్పుడు శెట్టికి తన పనితనం చూపిద్దామని వెలుగులో పెట్టాడు. పెట్టి, ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు.

పళ్ళ మొదళ్ళలో సన్నటి గాట్లున్నాయి. అవి అతని కత్తివి కావు. కుడిచేత్తో కత్తి లాగితే గాటు ఒక పక్కకు వాలుతుంది. ఇవన్నీ రెండో పక్కకు వాలి ఉన్నాయి. ఇంకో దువ్వెన తీశాడు. మరోటి తీశాడు. అన్నీ అంతే. అతని కత్తి వదిలేసిన గరుకునంతా ఎవరో ఓపిగ్గా చెక్కి నునుపు చేశారు. వెంట్రుక చిక్కుకోనిది ఆ చెక్కుడు వల్లేనని పనివాడికి వేరే చెప్పాలా? సిద్ధయ్య చెవులు వేడెక్కాయి.

అతని ఇంట్లో ఎడమచేతి వాటం మనిషి ఒక్కతే. నూనె పట్టించాలంటూ తెల్లవారకముందే దువ్వెనల గంప ముందేసుకుని కూర్చునేదీ ఆమే. తలెత్తి చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ సుబ్బరత్నమ్మ ఎడంచెయ్యి కొంగులో దాచుకుని, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

శెట్టికి ఇదేమీ తెలియదు. బేరం కుదిరిందన్న సంతోషంలో, పనివాడి ఇల్లాలు అందుకుంటే మంచిదని తాంబూలం ఆమె ముందుకు చాచాడు. కంగారులో ఆమె చాచింది ఎడంచెయ్యి. శెట్టి తాంబూలం వెనక్కి లాక్కున్నాడు.

"శుభమా అని పెళ్ళి మాట్లాడుకుంటా ఉంటే ఆ చెయ్యేందమ్మా? సిద్ధయ్యా, నువ్వు తీసుకో. పెళ్ళికూతురి తలలో పెట్టే వస్తువులయ్యా. ఆ చెయ్యి తగలనియ్యబాక."

సిద్ధయ్య తాంబూలం అందుకున్నాడు. నోరు మెదపకుండా ఉంటే పేరు పేరుగానే ఉంటుంది, పెళ్ళిళ్ళ పనంతా ఇంటికొస్తుంది. నోరు విప్పితే రెండూ ఈ గదిలోనే పోతాయి. చేతిలోని దువ్వెన వైపు మరోసారి చూశాడు. ఇంత చక్కటి పని అతను ఎక్కడా చూడలేదు. ఇన్నాళ్ళూ తనను చూసుకుని పడ్డ గర్వం ఎంతదో అతనికి తెలుసు. ఇప్పుడు ఛాతీలో పొంగుతున్నది దానికన్నా పెద్దది.

శెట్టి రేకు చేతిలోకి తీసుకున్నాడు. కుడిచేతి పనివాడివి గదా, చేతినీడ పని మీద పడకుండా లాంతరు ఎడం పక్కన పెట్టుకునేట్టు రేకు బిగించమంటావా అని అడిగాడు.

సిద్ధయ్య తాంబూలం తీసుకెళ్ళి శెట్టి ముందు పెట్టాడు.

"లాంతర్లు రెండు తియ్యండి శెట్టిగారా. ఒకటి ఎడం పక్కన పెట్టుకునేట్టు బిగించండి, నాకు. రెండోది కుడి పక్కన పెట్టుకునేట్టు బిగించండి, మీ ఇంటి ఆడోళ్ళు ఇన్నేండ్లుగా మెచ్చుకుంటా ఉండే చేతికి."